మోకాలు వంచిన చోటే నియంత పుడతాడు





నియంత అనే మాట వింటే మనకు హిట్లర్ గుర్తొస్తాడు. ఎక్కడో జర్మనీలో, ఎప్పుడో మన తాతల కాలంలో, లక్షల మందిని చంపి తానూ చచ్చిపోయినవాడు. హిందూపురం చింతపండు మార్కెట్లో మూటలు మోసే అన్నకు, ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చునే అక్కకు, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి పోయే తమ్మునికి ఆ కథతో ఏం పని? "మనకెందుకులేప్పా, మన కూలి మనకు పడితే చాలు" అనిపిస్తుంది.

ఆ "మనకెందుకులే" అన్న మాట గురించే ఈ కరపత్రం. నియంత తనంతట తాను పైకెక్కలేడు. ఎక్కడానికి వానికి భుజాలు కావాలి. ఆ భుజాలు ఎక్కువగా మనలాంటి వాళ్ళవే. ఎక్కిన తర్వాత ముందుగా తొక్కేదీ ఆ భుజాలనే.

ఏ నియంత కథ తీసుకున్నా నాలుగు పనులు కనపడతాయి. చట్టాన్ని కీలుబొమ్మను చేస్తాడు. మేలు చేసి నోరు కట్టేస్తాడు. భయపెడతాడు. విడగొడతాడు. ఈ నాలుగింటికీ పునాది ఒకటుంది. దాని పేరు భక్తి. వీటిని ఒక్కొక్కటిగా చూద్దాం. బుద్ధుడు, బాబాసాహెబ్ వీటికి ఏ మందు చెప్పారో ఆ తర్వాత మాట్లాడుకుందాం.

పేరుకు రాజు సదాశివరాయలు

పెనుకొండ కోట చూడనివాళ్ళు మనలో లేరు. ఆ కోట ఎలా రాజధాని అయిందో మాత్రం చాలామందికి తెలియదు. విజయనగరంలో 1542 తర్వాత సింహాసనం మీద కూర్చున్నది సదాశివరాయలు. పెత్తనం మాత్రం అళియ రామరాయలది. అళియ అంటే అల్లుడు. ఆయన కృష్ణదేవరాయల అల్లుడు. శాసనాలు రాజు పేరుతోనే వెలువడేవి. మొక్కులూ ఆయనకే. ఆ రాజుకు మాత్రం నోరు లేదు. 1565 యుద్ధంలో రామరాయలు చచ్చిపోయాక, ఆయన తమ్ముడు తిరుమలరాయలు ఆ నోరులేని రాజును వెంటబెట్టుకుని పెనుకొండకు వచ్చేశాడు. కొన్నేళ్ళకు కిరీటం తానే పెట్టుకున్నాడు.

నియంతలు అధికారం పట్టే పద్ధతి ఇదే. ఉన్న రాజును వెంటనే దించరు. కూర్చోబెట్టే ఉంచుతారు. ఈ కాలంలో ఆ రాజు స్థానంలో ఉన్నవి రాజ్యాంగం, చట్టసభ, కోర్టు, పత్రిక. అన్నీ ఉంటాయి. సదాశివరాయలు ఉన్నట్టే ఉంటాయి.

హిట్లర్ 1923లో మ్యూనిక్‌లో బలవంతంగా అధికారం లాక్కోవాలని చూసి జైలుకు పోయాడు. ఆ దెబ్బతో దారి మార్చి ఓట్లలోకి దిగాడు. 1932 నవంబరు ఎన్నికల్లో వాని పార్టీకి వచ్చింది నూటికి 33 ఓట్లు. అంటే ముగ్గురిలో ఇద్దరు వద్దన్నారు. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు కలవలేదు. "మేం చెప్పినట్టు వింటాడులే" అనుకున్న పెద్దమనుషులు వానిని 1933 జనవరి 30న చాన్సలర్ చేశారు. ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం తగలబడింది. మరుసటి రోజే పౌర హక్కులు రద్దయ్యాయి. మార్చి 23న పార్లమెంటే తన అధికారాన్ని వాని చేతిలో పెట్టింది. కమ్యూనిస్టు సభ్యులను అప్పటికే జైళ్ళలో వేశారు, లేదా తరిమేశారు. సభలో ఆ రోజు వద్దని ఓటేసింది 94 మంది. మొదటి రోజు నుంచి చివరి సంతకం దాకా పట్టింది 52 రోజులు. ప్రతి అడుగూ చట్టం పేరుతోనే వేశాడు.

అది జర్మనీ. ఇక మన సంగతి చూడండి.

1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ప్రధాని ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదని తీర్పిచ్చింది. జూన్ 25 రాత్రి రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ ఎమర్జెన్సీ కాగితం మీద సంతకం పెట్టారు. మంత్రివర్గానికి ఆ సంగతి తెల్లవారి తర్వాతే తెలిసింది. ఆ రాత్రే ప్రతిపక్ష నాయకులను అరెస్టు చేశారు. ఢిల్లీలో పత్రికల ప్రెస్సులకు కరెంటు తీసేశారు. ఆగస్టులో రాజ్యాంగాన్నే సవరించి, ప్రధాని ఎన్నిక మీద కోర్టులకు అధికారం లేకుండా చేశారు. జరగాల్సిన లోక్‌సభ ఎన్నికలు జరగలేదు. 21 నెలల్లో లక్షకు పైగా మనుషులు విచారణ లేకుండా, లేదా నామమాత్రపు కేసుల మీద జైళ్ళలో ఉన్నారు.

రాజ్యాంగంలో 32వ అధికరణం గురించి బాబాసాహెబ్ 1948 డిసెంబరులో ఏమన్నారో మనం సభల్లో తరచూ చెప్పుకుంటాం. హక్కు పోతే నేరుగా సుప్రీంకోర్టుకు పోయే దారి అది. రాజ్యాంగానికి గుండె, ఆత్మ అదే అన్నారు ఆయన. ఎమర్జెన్సీలో మూసేసింది సరిగ్గా ఆ దారినే. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల్లో నలుగురు, ప్రభుత్వం ఒక మనిషిని అక్రమంగా పట్టుకుపోయినా ఇప్పుడు అడిగే వీలు లేదన్నారు. ఒక్క జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా మాత్రం కుదరదన్నారు. ప్రధాన న్యాయమూర్తి కావాల్సిన ఆయనను పక్కనబెట్టి మరొకరిని చేశారు. ఆయన రాజీనామా చేసి వెళ్ళిపోయారు.

రాజ్యాంగం ఉంది. కోర్టు ఉంది. పార్లమెంటు ఉంది. సదాశివరాయలు కూడా ఉన్నాడు కదా!

మేలు చేసిన చెయ్యి

ఇప్పుడు కాస్త కష్టమైన మాట. ఎమర్జెన్సీ ఇంకా ఎత్తేయకముందే 1977 మార్చిలో ఓట్లు పడ్డాయి. ఉత్తరప్రదేశ్‌లో 85 సీట్లలో కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. బీహార్‌లోనూ అంతే. ఇందిరాగాంధీ రాయబరేలీలో తానే ఓడిపోయారు. మరి మన ఆంధ్రప్రదేశ్ ఏం చేసింది? 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. హిందూపురం ఇచ్చింది, అనంతపురం ఇచ్చింది. తప్పించుకున్నది నంద్యాల ఒక్కటే. అక్కడ గెలిచింది మన పాత అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి. 1967లో ఇదే హిందూపురం ఆయనను లోక్‌సభకు పంపింది.

మన రాష్ట్రంలో ఎమర్జెన్సీ బాధ లేదా? ఉంది. 1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులను పోలీసులు కాల్చి చంపారు. ఎన్‌కౌంటర్ అన్నారు. అదే ఏడాది డిసెంబరు 1న ఆదిలాబాద్ రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాద్ జైలులో ఉరి తీశారు. పత్రికల మీద సెన్సార్ ఉన్నందువల్ల ఇలాంటివి ఊళ్ళకు చేరలేదు. చేరినా "వాళ్ళేం తప్పు చేసినారో" అనే మాటే వినపడింది.

మరి మనవాళ్ళు ఎందుకు ఓటేశారు? పెద్దల మీద నింద వేయడానికి ఇది అడగడం లేదు. వాళ్ళకు కళ్ళముందు కనపడింది వేరు. 1975 జూలై 1న 20 సూత్రాల కార్యక్రమం వచ్చింది. ఇంటి స్థలాలకు పట్టాలిచ్చారు. అదే ఏడాది అక్టోబరు 25 నుంచి వెట్టిచాకిరీ రద్దు అమల్లోకి వచ్చింది. అప్పు తీర్చలేక రెడ్డింట్లో జీతానికున్న మనిషికి, "నువ్వు ఇక బాకీ లేవు" అన్న మాట చిన్నదా? ఉత్తరాదిలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జనాన్ని మండించాయి. మన దక్షిణాదిలో ఆ దెబ్బ అంతగా తగల్లేదు. అందుకే మన వాడల్లో ఇందిరమ్మ తల్లిగానే మిగిలింది.

మేలు నిజమే. కానీ దాని లోపల ఏముందో చూడండి. వెట్టిచాకిరీ నిషేధం 1950 జనవరి 26 నుంచే రాజ్యాంగంలో ఉంది. 23వ అధికరణం అది. బాబాసాహెబ్ రాసిపెట్టిన హక్కును 25 ఏళ్ళు తొక్కిపెట్టి, చివరికి ఒక మనిషి దయగా మన చేతిలో పెట్టారు. మన సొంత సొమ్మును మనకే దానం చేసినట్టు! మనం దండం పెట్టాం. దండం పెట్టిన చేతులతో ప్రశ్న అడగలేం కదా.

అదే సమయంలో 1976-77 ఒక్క ఏడాదిలో దేశమంతా 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఉత్తరాదిలో బలవంతానికి చిక్కింది ఎక్కువగా పేదలే. ఢిల్లీ తుర్క్‌మన్ గేట్ దగ్గర ఇళ్ళు కూలగొట్టింది పేద ముస్లింలవి. ఒక పేదకు పట్టా ఇచ్చిన చెయ్యే ఇంకో పేద ఇల్లు పడగొట్టింది. మనకు పట్టా వచ్చింది కాబట్టి వాని ఇల్లు మనకు కనపడలేదు.

ఏ పార్టీ వచ్చినా, ఏ పథకం వచ్చినా ఈ లెక్క మరిచిపోవద్దు. పథకం తీసుకోండి. అది మన పన్నుల డబ్బు, మన హక్కు. దానికి బదులుగా నోరు మాత్రం ఇవ్వొద్దు.

తన కళ్ళు తానే పీక్కున్న మనిషి

మేలుకు లొంగనివాళ్ళు కొందరుంటారు. వాళ్ళకోసం భయం ఉంది.

హిందూపురం పక్కనే లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ ఆ గుడి కట్టించాడంటారు. జనం చెప్పుకునే కథ మీకు తెలిసిందే. రాజు ఖజానా డబ్బు గుడికి వాడినాడని విరూపణ్ణ మీద చాడీలు పోయాయట. కళ్ళు పీకించమని రాజు ఆజ్ఞ వస్తుందని తెలిసి, ఆ ఆజ్ఞ చేరకముందే విరూపణ్ణ తన కళ్ళు తానే పీకి గోడకు కొట్టాడట. కల్యాణమండపం సగంలోనే ఆగిపోయింది. గోడమీద ఎర్ర మరకలను ఇప్పటికీ చూపిస్తారు.

అది చరిత్రా, కట్టుకథా అనే గొడవ మనకొద్దు. దాని లోపలి నిజం చూడండి. రాజు అక్కడ లేడు. తలారి రాలేదు. కత్తి ఎత్తలేదు. భయమే పని ముగించింది. నియంత దగ్గర ఎంత పెద్ద పోలీసు ఉన్నా ప్రతి ఇంటికీ ఒక పోలీసును పెట్టలేడు. అందుకని ప్రతి మనిషిలోనూ ఒక పోలీసును పెడతాడు. ఎమర్జెన్సీలో ఎన్నో పత్రికలు సెన్సార్ అధికారి గీత పెట్టకముందే తమ వార్తలు తామే కొట్టేసుకున్నాయి. వాళ్ళూ విరూపణ్ణలే.

మన సీమ పల్లెలకు ఇది కొత్త కాదు. ఫ్యాక్షన్ ఊళ్ళలో పెరిగినవాళ్ళకు దేశ నియంత గురించి పాఠం అక్కరలేదు. ఊరి పెత్తందారును చూస్తే చాలు. పోలింగ్ రోజు పొద్దున బూత్ దగ్గరికి పోతే "మీ వాడోళ్ళ ఓట్లు పడిపోయినాయిలే, పనికి పోండి" అని పంపించిన రోజులు మన పెద్దలు చూసినవే. ఎవరూ కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. కొట్టాల్సిన అవసరమే రాలేదు. పెత్తందారి వీధిలో చెప్పులు చేతబట్టుకుని నడిచిన మన తాతను ఆ రోజు ఎవరూ ఆజ్ఞాపించలేదు. ఆజ్ఞ ఆయన నరాల్లోనే ఉంది. కుల వ్యవస్థ అంటే వేల ఏళ్ళ ఎమర్జెన్సీ. అందుకే భయం ఎలా పనిచేస్తుందో మనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. దాన్ని ముందుగా పసిగట్టాల్సిన బాధ్యత కూడా మనదే.

వస్సకారుడు అడిగిన చిన్న ప్రశ్న

భయంతో అందరినీ లొంగదీయలేరు. నలుగురు కలిసి నిలబడితే భయం పారిపోతుంది. అందుకని నలుగురు కలవకుండా చూడాలి.

బుద్ధుని కాలంలోనే ఒక నియంత పుట్టాడు. మగధ రాజు బింబిసారుని కొడుకు అజాతశత్రు. తండ్రిని చెరలో వేసి, తిండి లేకుండా చంపి గద్దె ఎక్కాడు. వానిని ఆ పనికి ఎగదోసింది ఎవరు? కాషాయం కట్టిన దేవదత్తుడు. "నువ్వు తండ్రిని తీసేసి రాజువు కా, నేను బుద్ధుణ్ణి తీసేసి సంఘానికి పెద్దనవుతా" అనేది ఆ ఒప్పందం. గద్దె కోరేవాడు, గురుపీఠం కోరేవాడు చేతులు కలిపితే ఏమవుతుందో 2,500 ఏళ్ళ కిందటే మన గ్రంథాలు చెప్పాయి.

అజాతశత్రు కన్ను తర్వాత వజ్జీల మీద పడింది. వజ్జీలకు ఒక్క రాజు లేడు. సభలో కూర్చుని, మాట్లాడుకుని నిర్ణయాలు చేసుకునేవాళ్ళు. వాళ్ళను గెలవగలనా అని బుద్ధుని అడిగి రమ్మని మంత్రి వస్సకారుని పంపాడు. బుద్ధుడు మంత్రికి నేరుగా జవాబివ్వకుండా పక్కనున్న ఆనందుని అడిగాడు: వజ్జీలు తరచూ సమావేశమవుతున్నారా? కలిసి కూర్చుని, కలిసి లేస్తున్నారా? పెద్దల మాట వింటున్నారా? ఆడవాళ్ళ మీద బలవంతం చేయకుండా ఉన్నారా? ఇలాంటివి ఏడు. ఇవి ఉన్నంతకాలం వాళ్ళు చెడిపోరని చెప్పాడు.

వస్సకారుడు తెలివైనవాడు. బయటి నుంచి గెలవలేమని అర్థమైంది. రాజు తనను వెళ్ళగొట్టాడని నాటకమాడి వజ్జీల్లో చేరిపోయాడు. తర్వాతి కథ అట్ఠకథలో ఉంది. నలుగురిలోంచి ఒకరిని పక్కకు పిలిచి, చెవిలో ఏదో అల్పమైన ప్రశ్న అడిగేవాడు. పొలం దున్నినారా, ఏం కూర తిన్నారు, అంతే. "ఏం అడిగినాడు?" అని మిగతావాళ్ళు అడిగితే, "ఏం లేదు, ఏం కూర తిన్నావని అడిగినాడు" అనేవాడు ఇతను. ఎవరు నమ్ముతారు? "మనకు చెప్పకుండా దాచినాడు" అనుకున్నారు. మూడేళ్ళలో ఇద్దరు వజ్జీలు ఒక దారిలో నడవని స్థితి వచ్చింది. అజాతశత్రు సైన్యం వచ్చిన రోజు సభ నగారా మోగింది. ఒక్కరూ రాలేదు. "బలమున్నోళ్ళు పోతారులే" అనుకున్నారు.

బంధువులారా, మన వాడల్లో వస్సకారులు లేరా? మాల, మాదిగ అన్న మాట ఎత్తితే చాలు, నిన్న ఒకే బండమీద కూర్చున్నవాళ్ళు ఈరోజు ఎదురెదురుగా నిలబడుతున్నారు. వాటా గురించి వాదన ఉండొచ్చు. అది న్యాయం గురించిన ప్రశ్న. కూర్చుని, లెక్కలు ముందుపెట్టుకుని మాట్లాడాల్సిందే. ఒకరి ఇంటి చావుకు ఇంకొకరు పోవడం మానేయడం మాత్రం వాదన కాదు. అది వస్సకారుని పంట. ఒకే ఊరిలో రెండు జయంతి కమిటీలు, రెండు ఊరేగింపులు, రెండు ఫ్లెక్సీలు చూసినప్పుడల్లా అడగండి: మనలో ఒకరిని పక్కకు పిలిచి చెవిలో మాట్లాడింది ఎవరు?

దండ వేసిన చేతులు

ఇప్పుడు పునాది దగ్గరికి వద్దాం. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ చేసిన చివరి పెద్ద ప్రసంగంలో ఒక హెచ్చరిక ఉంది. ఎంత గొప్పవాడైనా సరే, ఒక మనిషి పాదాల దగ్గర మన స్వేచ్ఛను పెట్టకూడదన్నారు. మతంలో భక్తి మోక్షానికి దారి అయితే కావచ్చునేమో గానీ, రాజకీయాల్లో భక్తి పతనానికీ, చివరికి నియంతృత్వానికీ దారి తీస్తుందన్నారు. సుమారు పాతికేళ్ళకు కాంగ్రెస్ అధ్యక్షుడు డి.కె. బరూవా ఇందిర అంటేనే ఇండియా అనే నినాదమిచ్చారు. బాబాసాహెబ్ జ్యోతిష్యం చెప్పలేదు. భక్తి ఎక్కడికి పోతుందో ఆయనకు తెలుసు. ఈ దేశంలో పాదపూజ ఎంత పాతదో తెలిసిన మనిషి ఆయన.

భక్తి ఒక మత్తు. పంచశీలలో ఐదవ శీలం మనల్ని మత్తుకు దూరంగా ఉండమంటుంది. సారాయే మత్తు అనుకుంటే పొరపాటు. అభిమాన నాయకుని మీద ఒక్క మాట పడితే కళ్ళెర్రజేసి కొట్లాటకు పోయే కుర్రవానికి ఎక్కింది కూడా మత్తే. దిగాక చూసుకుంటే కేసు వాని మీద ఉంటుంది. నాయకుడు ఇంకో పార్టీలో ఉంటాడు.

ఇంకో మాట. బాబాసాహెబ్‌నే మనం ఏం చేస్తున్నాం? ఏప్రిల్ 14న పాలాభిషేకం చేసేవాళ్ళున్నారు. కొబ్బరికాయ కొట్టేవాళ్ళున్నారు. దేవుడు కావద్దని జీవితమంతా పోరాడిన మనిషికి హారతి పడుతున్నాం. విగ్రహం మెడలో దండ రోజూ మారుతుంది. ఆయన పుస్తకం మీది దుమ్ము మారదు. ఆయనకు మోకరిల్లడం నేర్చిన పిల్లవాడు రేపు ఇంకొకరికి మోకరిల్లడా? మోకాలికి ఎవరి ముందు వంగాలో తెలియదు. దానికి వంగడమే తెలుసు.

రాజు మనసు మారేదాకా ఆగాలా?

"మంచి రాజు వస్తే చాలు కదా, అశోకుడు మారలేదా?" అని కొందరు అడుగుతారు. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద అశోకుని శాసనాలున్నాయి. ఆయన పెద్ద శిలాశాసనాలు పద్నాలుగూ అక్కడ ఉన్నాయి. వాటిలో పదమూడోది కళింగ యుద్ధం గురించి. లక్ష మంది చచ్చారని, లక్షన్నర మందిని తరలించారని, అందుకు తాను బాధపడుతున్నానని ఒక చక్రవర్తి బండమీద చెక్కించాడు. ప్రపంచంలో ఏ నియంతా చేయని పని అది. ధమ్మం గొప్పతనం అది.

అయినా ఒక్క మాట ఆలోచించండి. ఆయన మారింది లక్ష మంది చచ్చాక. చచ్చినవాళ్ళు ఆ శాసనం చదవలేదు. మారిన మనసు ఒక్కని మనసు. ఆయన పోయాక తర్వాతి రాజు ఎలాంటివాడో ఎవరికి తెలుసు? అందుకే బాబాసాహెబ్ రాజు మనసు మీద ఆశ పెట్టుకోలేదు. ఏ మనసున్న మనిషి గద్దెమీద ఉన్నా దాటలేని గీత గీయాలని రాజ్యాంగం రాశారు. ఆ గీతను కాపాడేది జనం. ఎమర్జెన్సీ తర్వాత 1978లో 44వ సవరణ వచ్చింది. అంతర్గత కల్లోలం అనే సాకుతో ఎమర్జెన్సీ పెట్టే దారి మూసేశారు. మంత్రివర్గం రాతపూర్వకంగా చెప్పాలన్నారు. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన 21వ అధికరణాన్ని ఎమర్జెన్సీలోనూ ఆపకూడదన్నారు. దేశమంతా దెబ్బ తిన్నాక గీత కాస్త లోతుగా గీసుకున్నాం.

"మనం బౌద్ధులం, మనలో నియంతలు పుట్టరు" అనే ధీమా కూడా వద్దు. మన ఎమర్జెన్సీకి కాస్త ముందే, 1975 ఏప్రిల్ 17న, బౌద్ధ దేశమైన కంబోడియాలో పోల్‌పాట్ మూక అధికారం పట్టింది. నాలుగేళ్ళు కూడా నిండకుండానే 15 లక్షలకు పైగా మనుషులు చచ్చారు. భిక్కువుల చీవరాలు విప్పించారు. మయన్మార్‌లో 2007లో భిక్కువులే సైన్యానికి ఎదురుగా వీధుల్లో నడిచారు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ గద్దె పట్టినప్పుడు కొందరు భిక్కువులు జనం పక్కన నిలబడితే, కొందరు జనరళ్ళ పక్కన నిలబడ్డారు. చీవరం రంగు ఎవరినీ కాపాడదు. దాని లోపలి మనిషి నడతే కాపాడుతుంది.

సంఘం చేతిలో ఉన్న మందు

మరి మందు ఏమిటి? బుద్ధుడు దాన్ని మాటల్లో కాక, సంఘం నడిచే పద్ధతిలోనే పెట్టాడు.

ముసలివాడివయ్యావు, సంఘాన్ని నాకప్పగించు అని దేవదత్తుడు అడిగాడు. సారిపుత్తునికి, మొగ్గల్లానునికే అప్పగించనని బుద్ధుడు తేల్చి చెప్పాడు. చివరి రోజుల్లో ఆనందుడు ఆశపడినా వారసుని పేరు చెప్పలేదు. తాను పోయాక ధమ్మమే మీకు గురువన్నాడు. మీకు మీరే దీపం కావాలన్నాడు. గురువు చెప్పాడనో, గ్రంథంలో ఉందనో దేన్నీ నమ్మవద్దని కేసపుత్తలో కాలాములకు చెప్పాడు.

సంఘంలో తగాదా వస్తే శలాకలతో, అంటే పుల్లలతో, ఓట్లు తీసేవాళ్ళు. రహస్యంగా తీసే పద్ధతి కూడా ఉంది. మన దేశానికి చట్టసభ పద్ధతి కొత్త కాదని, భిక్కు సంఘాల్లోనే అది ఉండేదని బాబాసాహెబ్ అదే 1949 ప్రసంగంలో గుర్తుచేశారు.

అన్నింటికంటే గొప్పది పవారణ. వానకాలం మూడు నెలలు ఒకచోట ఉన్న భిక్కువులు చివరి రోజు కూర్చుని, "నాలో తప్పు చూసి ఉంటే, విని ఉంటే, అనుమానం ఉంటే చెప్పండి" అని ఒకరినొకరు అడుగుతారు. ఒక పవారణ రోజు బుద్ధుడే ముందుగా అడిగాడు. సంఘం ముందు కూర్చుని, నా మాటలో, నా నడతలో మీకు తప్పేమైనా కనపడిందా అన్నాడు. ఏ రాజైనా, ఏ నాయకుడైనా ఈ ప్రశ్న అడుగుతాడా? అడగలేనివాడు ఎంత మంచివాడైనా నియంత కావడానికి ఒక అడుగు దూరంలోనే ఉంటాడు.

బాబాసాహెబ్ 1956 నవంబరు 20న ఖాట్మండులో బుద్ధుణ్ణి, కార్ల్ మార్క్స్‌నూ పోల్చి మాట్లాడారు. పేదరికం పోవాలనే గమ్యం ఒకటే అయినా, బలంతో, నియంతృత్వంతో తెచ్చింది నిలబడదని, మనసు మార్చి తెచ్చిందే నిలుస్తుందని చెప్పారు. 16 రోజుల తర్వాత, డిసెంబరు 6న, కన్నుమూశారు. అంటే నియంతృత్వం వద్దనేది మనకు ఆయన ఇచ్చిన ఆఖరి మాటల్లో ఒకటి.

ఇవన్నీ విని ఇంటికి పోతే సరిపోదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాడల్లో రేపటి నుంచి చేయగలిగినవి చెబుతాను.

మన వాడ సంఘానికి, విహార కమిటీకి ఒకే మనిషి పదేళ్ళుగా అధ్యక్షుడై ఉంటే, ఆయన ఎంత మంచివాడైనా సరే, గౌరవంగా శాలువా కప్పి, ఇంకొకరికి అవకాశమివ్వండి. ఆ ఇంకొకరు ఒక అక్క అయితే ఇంకా మంచిది.

చందా లెక్కలు జయంతి మరుసటి ఆదివారమే అందరి ముందూ చదవండి. లెక్క అడిగినవాణ్ణి "నమ్మకం లేదా?" అని గద్దించకండి. లెక్క అడగడం అపనమ్మకం కాదు, సంఘం ఆరోగ్యం.

ఏడాదికి ఒకసారి పవారణ పెట్టుకోండి. నాయకులు ముందు వరసలోనుంచి లేచి కింద కూర్చోండి. మాలో తప్పు చెప్పండి అని అడగండి. మొదటి ఏడు ఎవరూ నోరు మెదపకపోవచ్చు. ఆ మౌనమే మన లోపలి విరూపణ్ణ. రెండో ఏడు ఒకరు మాట్లాడతారు. ఆయనను కాపాడుకోండి.

నవంబరు 26న రాజ్యాంగ దినం రోజు విగ్రహానికి దండ వేసి రావడంతో సరిపెట్టకండి. అంతకుముందు రోజు బాబాసాహెబ్ చేసిన ఆ ప్రసంగాన్ని తెలుగులో చదివించండి. పదో తరగతి చదివే మన పిల్లల చేత చదివించండి. మాల ఇంటి పిల్లవాడు, మాదిగ ఇంటి పిల్లవాడు పక్కపక్కన నిలబడి చెరి సగం చదవాలి.

ఓటు అడగడానికి వచ్చిన ప్రతివాణ్ణీ, మన కులంవాడైనా సరే, ఒక్క ప్రశ్న అడగండి: "మేం నిన్ను తప్పు పడితే ఏం చేస్తావు?" వాడు నవ్వి దాటేస్తే గుర్తుపెట్టుకోండి. కోప్పడితే ఇంకా బాగా గుర్తుపెట్టుకోండి.

ధమ్మ బంధువులారా! దీక్ష తీసుకున్న రోజు మనం బుద్ధుని శరణు, ధమ్మం శరణు, సంఘం శరణు అన్నాం. ఆ మూడింటిలో ఏ నాయకుని పేరూ లేదు, ఏ పార్టీ పేరూ లేదు. మన తాతలు చెప్పులు చేతబట్టుకుని నడిచిన వీధుల్లో మనం తలెత్తి నడుస్తున్నాం. ఆ తల మళ్ళీ ఎవరి పాదాల దగ్గరా పెట్టవద్దు. మంచివాని పాదాల దగ్గర కూడా.

భవతు సబ్బ మంగళం.

జై భీమ్! నమో బుద్ధాయ!

ఈ కరపత్రం చదివాక పక్కింటివాళ్ళకు ఇవ్వండి. చదవడం రాని పెద్దలకు చదివి వినిపించండి. ఇందులో తప్పు కనపడితే వచ్చే సమావేశంలో లేచి చెప్పండి.